ఒక్క సంతకం, ఒక్క కాలేజీ: వదినతో ఎర్లీ డెసిషన్ ముచ్చట్లు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఎడిసన్ నుంచి మాట్లాడుతున్నాం. ఈ వారం మన స్టూడియోకి, అంటే మా ఇంటి బేస్‌మెంట్‌కి, మా వదినగారొచ్చారు. న్యూజెర్సీలోనే ఒక పబ్లిక్ హైస్కూల్లో కౌన్సెలర్. మా అమ్మాయి పన్నెండో తరగతికొచ్చింది. లెక్కలంటే ఇష్టం, హిస్టరీ అంటే ప్రాణం. లిబరల్ ఆర్ట్స్ కాలేజీకే వెళ్తానని కూర్చుంది. విలియమ్స్, ఆమ్హర్స్ట్, స్వార్త్‌మోర్, పొమోనా అని నాలుగు పేర్లు రాసిచ్చింది. ఎర్లీ డెసిషన్ వేయగలిగేది ఒక్కదానికే. వదినా, కాపాడాలి మీరే.

వదిన: ముందిది చెప్పు. మావయ్యగారికి తెలుసా?

హోస్ట్: ఫోన్‌లో చెప్పాను. "బీఏ చదవడానికి అంత డబ్బు పొయ్యాలా, గుంటూరులో ఏసీ కాలేజీ లేదా?" అన్నారు.

వదిన: (నవ్వు) ఆయన్నని ఏం లాభం? డాలస్‌లో ఉన్న ఐటీ వాళ్లు కూడా నన్ను అదే అడుగుతారు. లిబరల్ ఆర్ట్స్ అనగానే పిల్ల బొమ్మలేసుకుంటూ కూర్చుంటుందనుకుంటారు. అక్కడ లెక్కలుంటాయి, ఫిజిక్స్ ఉంటుంది, కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్ అన్నీ ఉంటాయి. స్వార్త్‌మోర్‌లో అయితే ఇంజనీరింగ్ డిగ్రీయే ఇస్తారు. తేడా ఎక్కడంటే, కాలేజీ మొత్తం కలిపి రెండు వేల మందికి అటూ ఇటూ. పెద్ద యూనివర్సిటీల్లోలాగా పీహెచ్‌డీ విద్యార్థులు వచ్చి పాఠం చెప్పడం ఉండదు, ప్రొఫెసరే చెబుతారు. మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఏంటన్నది రెండో ఏడాది చివరిదాకా తేల్చుకోనక్కర్లేదు. నీ కూతురిలా రెండు పడవల మీద కాళ్లు పెట్టిన పిల్లకి ఇంతకంటే ఏం కావాలి?

హోస్ట్: సరే, చోటు నచ్చింది. ఇప్పుడు ఎర్లీ డెసిషన్ సంగతి. వినేవాళ్లలో కొత్తవాళ్లుంటారు, ఒక్క ముక్కలో చెప్పండి.

వదిన: తాంబూలాలు పుచ్చుకోవడమే. నవంబరు మొదటి పక్షంలో అప్లికేషన్, డిసెంబరు నడిమికి జవాబు. సీటిస్తే వెళ్లి తీరాలి, మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి. ఆ ఒప్పందం మీద మూడు సంతకాలుంటాయి. పిల్లది ఒకటి, అమ్మానాన్నల్లో ఒకరిది ఒకటి, స్కూల్ కౌన్సెలర్‌ది ఒకటి. ఆ మూడో సంతకం పెట్టేది నాలాంటి వాళ్లం. తర్వాత వచ్చి "మేడమ్, ఇంకోచోట కూడా వచ్చింది, మనసు మారింది" అంటే ఇబ్బంది ఒక్క మీ పిల్లకే కాదు, మా స్కూలు నుంచి వచ్చే ఏడాది అప్లై చేసే పిల్లలకీ అంటుతుంది.

హోస్ట్: కానీ అందరూ ఏమంటారంటే, ఎర్లీ డెసిషన్ వేస్తే సీటొచ్చే అవకాశం రెట్టింపంట కదా?

వదిన: ఆ లెక్క దగ్గరే మనవాళ్లు పడిపోతారు. ల్యాప్‌టాప్ తియ్యి. ఏ కాలేజీ పేరైనా కొట్టి, పక్కన కామన్ డేటా సెట్ అని కొట్టు, కాలేజీ తన అడ్మిషన్ల అంకెలన్నీ పెట్టే కాగితం అది. వచ్చిందా? అందులో సీ 21 అని ఉంటుంది చూడు.

హోస్ట్: ఉంది. ఎర్లీ డెసిషన్‌కి ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందిని తీసుకున్నారు.

వదిన: ఆ రెండు అంకెలూ భాగిస్తే శాతం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఆ తీసుకున్నవాళ్లలో ఎవరున్నారో మాత్రం ఆ కాగితం చెప్పదు. కాలేజీ ఆటల పోటీల్లో ఈ కాలేజీలన్నీ డివిజన్ త్రీ. ఆటలకి స్కాలర్‌షిప్ ఉండదు గానీ, కోచ్‌కి నచ్చిన పిల్లల మార్కుల్ని ఎండాకాలంలోనే అడ్మిషన్స్ ఆఫీసు ఒకసారి చూసి, పర్వాలేదో కాదో చెప్పేస్తుంది. ఆ పిల్లలంతా వచ్చి ఎర్లీ డెసిషన్‌లోనే అప్లై చేస్తారు. విలియమ్స్‌లో దాదాపు మూడోవంతు పిల్లలు కాలేజీ జట్లలో ఆడేవాళ్లే. రెండు వేల మంది కాలేజీలో అది ఎంత పెద్ద ముక్కో ఆలోచించు. మీ అమ్మాయి స్క్వాష్ ఆడుతుందా?

హోస్ట్: కూచిపూడి నేర్చుకుంది.

వదిన: మంచిదే, కోచ్ మాత్రం లేడు. ఆ ఆటగాళ్లని పక్కన పెట్టి చూస్తే మామూలు పిల్లకి దక్కే లాభం ఆ కాగితంలో కనిపించినంత ఉండదు. అసలు ఉండదనీ అనను. ఒక ఏడాది బ్యాచ్‌లో దాదాపు సగం సీట్లు ఎర్లీ డెసిషన్‌తోనే నింపే కాలేజీలు చాలా ఉన్నాయి, తప్పకుండా వస్తుందన్న పిల్లంటే వాళ్లకీ ఇష్టమే. కానీ శాతం చూసి కాలేజీని ఎంచుకోవద్దంటాను. నా దగ్గరికొచ్చే సగం మంది ఎక్సెల్ షీట్ పట్టుకొస్తారు. దాన్లో పిల్లకేం కావాలో రాసే కాలమే ఉండదు.

హోస్ట్: (నవ్వు) నా షీట్‌లో కూడా లేదు. డబ్బు కాలమ్ మాత్రం ఉంది.

వదిన: అసలు మొదలుపెట్టాల్సింది అక్కడే. ఈ కాలేజీల్లో చదువు, హాస్టల్, తిండి అన్నీ కలిపితే ఏడాదికి తొంభై వేల డాలర్లకు అటూ ఇటూ. మామూలుగా అప్లై చేస్తే ఏప్రిల్లో నాలుగు ఉత్తరాలు టేబుల్ మీద పరిచి, ఎవరెంత ఎయిడ్, అంటే ఫీజు సాయం, ఇస్తున్నారో పోల్చుకోవచ్చు. ఎర్లీ డెసిషన్‌లో ఉత్తరం ఒక్కటే. ఇంకోచోట ఇంత ఇస్తున్నారు, మీరూ తగ్గించండి అని అడిగే చాన్స్ లేదు. 2025 ఆగస్టులో దీని మీదే ఫెడరల్ కోర్టులో కేసు కూడా వేశారు. కాలేజీలు ఒకరి పిల్లల్ని ఒకరు లాక్కోకుండా కూడబలుక్కుని పోటీ తగ్గిస్తున్నాయి, దాంతో ఫీజులు పెరుగుతున్నాయని కేసు వేసినవాళ్ల వాదన.

హోస్ట్: ఇచ్చిన ఎయిడ్ సరిపోకపోతే?

వదిన: అప్పుడు మాత్రం తప్పుకోవచ్చు, ఒప్పందం అందుకు ఒప్పుకుంటుంది. అందుకే ముందే ఆ కాలేజీ సైట్‌లో ఎయిడ్ పోగా మీరు కట్టాల్సింది ఎంతో అంచనా వేసే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, దాన్లో మీ జీతాలు, పొదుపులు వేసి చూసుకోవాలి. ఇక్కడింకో మెలిక ఉంది. మీ గ్రీన్ కార్డ్ వచ్చిందా?

హోస్ట్: ఆ ఊసెత్తకండి. లైన్‌లోనే ఉన్నాం. అమ్మాయి మా వర్క్ వీసా మీద ఆధారపడ్డ హెచ్4 వీసా మీదే ఉంది.

వదిన: చూశావా, మనవాళ్లలో ఇది ఎంతమంది సమస్యో! పిల్ల ఐదేళ్లప్పుడు ఇక్కడికొచ్చింది, ఇక్కడే చదివింది, యాస కూడా ఇక్కడిదే. కానీ ఫెడరల్ ఎయిడ్‌కి అర్హత లేదు. చాలా కాలేజీలు ఇంటర్నేషనల్ కిందే లెక్కేస్తాయి. అమెరికా హైస్కూల్లో చదివిన పిల్లల్ని లోకల్ వాళ్లతో కలిపి చూసే కాలేజీలూ ఉన్నాయి. కాలేజీ కాలేజీకి రూలు మారుతుంది, కాబట్టి ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి, జవాబు కాగితం మీద తెచ్చుకోవాలి. ఆ క్యాలిక్యులేటర్లు కూడా ఎక్కువగా సిటిజన్లని దృష్టిలో పెట్టుకుని చేసినవే.

హోస్ట్: ఇంటర్నేషనల్ కింద లెక్కేస్తే ఏమవుతుంది?

వదిన: ఎయిడ్ అడిగావంటే సీటివ్వాలా వద్దా అన్న నిర్ణయంలోనే ఆ విషయం చూస్తారు చాలాచోట్ల. చూడనివి కొన్నే. మీ లిస్టులో ఆమ్హర్స్ట్ ఒకటి, విదేశీ పిల్లలైనా సరే డబ్బు అడిగారా లేదా అన్నది అడ్మిషన్లో చూడరు. మెయిన్ రాష్ట్రంలో బోడన్ కాలేజీ కూడా 2022 నుంచి అంతే. అది మీ లిస్టులో లేదు, ఉండాల్సింది. విలియమ్స్ మంచి కాలేజీయే, సీటిచ్చాక ఎంత అవసరమైతే అంత సాయం చేస్తారు. కానీ విదేశీ పిల్లల దగ్గర సీటిచ్చే ముందే ఆ అవసరాన్ని చూస్తారు. ఒకటి గుర్తుంచుకో, అమ్మాయికి 21 నిండితే హెచ్4 పోతుంది. చదువు మధ్యలో ఎఫ్1కి, అంటే స్టూడెంట్ వీసాకి, మారాలి. ఆ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసు ఎలాంటిదో కూడా కనుక్కో.

హోస్ట్: మేం అడిగితే ఎంత ఎయిడ్ వస్తుందో నాకు నిజంగా తెలీదు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం.

వదిన: రాకపోవచ్చు కూడా. రాదని తేలితే, తొంభై వేలు పెట్టగలమా, పెట్టాలనుందా అని మీ ఆవిడా నువ్వూ కూర్చుని మాట్లాడుకోండి. పిల్ల ముందు కాదు. పెట్టలేం అనుకుంటే ఎర్లీ డెసిషన్ జోలికే పోవద్దు, మన రాష్ట్ర యూనివర్సిటీ రట్గర్స్‌కి ఎర్లీ యాక్షన్ వేసి హాయిగా కూర్చోండి. దానికి కట్టుబడాల్సిన పని లేదు.

హోస్ట్: రెండూ కలిపి వేయొచ్చా?

వదిన: వేయొచ్చు. ఇక్కడ ఎర్లీ డెసిషన్ వేసి, ప్రభుత్వ యూనివర్సిటీకి ఎర్లీ యాక్షన్ వేయొచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ల ఎర్లీ మాత్రం దీనితో కుదరదు.

హోస్ట్: సరే, డబ్బు తేల్చుకున్నాం అనుకుందాం. ఇక ఈ నాలుగింటిలో ఎలా తేల్చుకోవాలి? ర్యాంకుల్లో ఒకటి, రెండు, మూడు అని కొట్టుకుంటూ ఉంటాయి.

వదిన: ఒకటికీ ఐదుకీ తేడా ఎవరికి కావాలి? చుట్టాల పెళ్లిలో పొమోనా అని చెప్పినా, విలియమ్స్ అని చెప్పినా "అదెక్కడ?" అనే అంటారు. క్లాసులో పిల్ల ఎలా కూర్చుంటుంది, అది చూడు. విలియమ్స్‌లో ట్యుటోరియల్ అని ఉంటుంది. ఒక ప్రొఫెసర్, ఇద్దరు విద్యార్థులు, అంతే. ఒక వారం ఒకరు ఐదారు పేజీల వ్యాసం రాసుకొచ్చి చదువుతారు. రెండోవాళ్లు అప్పటికే దాన్ని చదివి, ఎక్కడ తర్కం జారిందో పట్టుకుని అడుగుతారు. ప్రొఫెసర్ ఎక్కువగా వింటూ కూర్చుంటారు. పై వారం పాత్రలు మారతాయి. వెనక బెంచీ ఉండదు, "మేడమ్, నిన్న ఒంట్లో బాలేదు" అని తప్పించుకోవడం ఉండదు. మీ అమ్మాయి భోజనాల దగ్గర నీతో వాదించడం చూశాను. దానికి అక్కడ పండగే.

హోస్ట్: వాదన సంగతి మీరు చెప్పాలా! లెక్కలు?

వదిన: లెక్కలకి విలియమ్స్ పెట్టింది పేరు. ఎండాకాలంలో పిల్లలతో రీసెర్చ్ చేయించే స్మాల్ అనే ప్రోగ్రామ్ 1988 నుంచి ఉంది. ఇంకో సంగతి, జనవరి నెలంతా ఒకటే కోర్సు. ఇక ఊరంటావా, అన్నీ కొండలే. ఎయిర్‌పోర్ట్ కావాలంటే ఆల్బనీ దాకా వెళ్లాలి. చలి గురించి నేను చెప్పక్కర్లేదు. ఫిబ్రవరిలో ఒకసారి తీసుకెళ్లు. అక్టోబరులో ఎర్రటి ఆకులు చూపించి తీసుకొస్తే ఏ పిల్లైనా సరేనంటుంది.

హోస్ట్: స్వార్త్‌మోర్?

వదిన: క్వేకర్లని ఒక క్రైస్తవ శాఖవాళ్లు 1864లో పెట్టిన కాలేజీ. ఫిలడెల్ఫియా పక్కనే, క్యాంపస్‌ని ఆనుకునే రైలు స్టేషన్. మీకు కారులో దగ్గర. చదువు మాత్రం పిండేస్తారని పేరు. దానికి విరుగుడన్నట్టు మొదటి సెమిస్టర్‌లో గ్రేడ్లు ట్రాన్స్‌క్రిప్ట్ మీద పడవు, పాసయ్యావా లేదా అంతే. అక్కడ ఆనర్స్ ప్రోగ్రామ్ 1922 నుంచి ఉంది, ఆక్స్‌ఫర్డ్ పద్ధతి చూసి మొదలుపెట్టారు. చివరి ఏడాది పరీక్ష పెట్టేది నీకు చదువు చెప్పిన ప్రొఫెసర్ కాదు, వేరే యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్లు. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలేస్తారు. నాకు ఆ పద్ధతి మీద చాలా గౌరవం. మార్కుల కోసం మేడమ్‌ని మంచి చేసుకునే దారి మూసేశారు కదా.

హోస్ట్: మన ప్రాక్టికల్స్ రోజుల్లో ఎక్స్‌టర్నల్ వచ్చినట్టు!

వదిన: మన ఎక్స్‌టర్నల్‌కి భోజనం పెట్టి పంపేవాళ్లం, ఆ పోలిక వద్దులే. ఇక ఆమ్హర్స్ట్. అక్కడ మొదటి ఏడాది ఒక సెమినార్, ఆపైన నీ మేజర్‌కి కావలసినవి. ఇది తీసుకో, అది తీసుకో అనే నియమాలు లేవు. చుట్టుపక్కల స్మిత్, మౌంట్ హోలియోక్ కాలేజీలు, యూమాస్, అంటే మసాచుసెట్స్ యూనివర్సిటీ ఉన్నాయి, వాటిలో క్లాసులు తీసుకోవచ్చు. తనకేం కావాలో తెలిసిన పిల్లకి బంగారం. నియమం లేకపోతే లెక్కలు తప్ప ఇంకేమీ ముట్టుకోని పిల్లకి అంత మంచిది కాదంటాను నేను. మీ అమ్మాయి రెండూ పట్టుకునే రకం, కాబట్టి భయం లేదు.

హోస్ట్: పొమోనా గురించి వాళ్లమ్మ అప్పుడే "కాలిఫోర్నియా, అంత దూరమా?" అంది.

వదిన: దూరమే, కానీ ఎండ. ఐదు కాలేజీలు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. పక్కన హార్వీ మడ్‌లో లెక్కలు, అటు క్లేర్‌మాంట్ మెకెన్నాలో ఎకనామిక్స్, లైబ్రరీ అందరికీ ఒకటే. చిన్న కాలేజీలో రెండో ఏడాదికే ఊపిరాడదేమో అనిపించే పిల్లలకి నేను అదే చెబుతాను. ఒక్క జాగ్రత్త. ఎక్కడైనా సరే, కంప్యూటర్ సైన్స్ క్లాసులు నిండిపోతున్నాయి. అవతలి కాలేజీ క్లాసులో సీటు ముందు వాళ్ల పిల్లలకే. అడ్మిషన్స్ వాళ్లని కాదు, అక్కడ చదివే పిల్లల్ని అడగండి, పోయిన సెమిస్టర్ నీకు కావలసిన క్లాసు దొరికిందా అని.

హోస్ట్: అయితే మీరైతే ఏది వేయిస్తారు?

వదిన: వీసా కాగితాలు చూస్తే ఆమ్హర్స్ట్. పిల్లని చూస్తే విలియమ్స్. ఎయిడ్ అడగడం లేదని తేలితే విలియమ్స్ వేయిస్తాను. అడగాల్సి వస్తే ఆమ్హర్స్ట్, రెండో మాట లేదు.

హోస్ట్: ఒకవేళ డిసెంబరులో లేదన్నారనుకోండి?

వదిన: అక్కడే క్రమం ఉపయోగపడుతుంది. విలియమ్స్, ఆమ్హర్స్ట్ రెండింటికీ ఎర్లీ డెసిషన్ ఒక్క రౌండే. స్వార్త్‌మోర్, పొమోనా, బోడన్‌కి జనవరి మొదట్లో ఇంకో రౌండ్ ఉంటుంది, ఫిబ్రవరిలో చెబుతారు. ఒక్క రౌండే ఉన్నదాన్ని ముందు వేసి, కాకపోతే రెండోదానికి వెళ్లొచ్చు. లేదనకుండా తర్వాత చూస్తాం అని వాయిదా వేసినా ఒప్పందం వదిలిపోతుంది. కాకపోతే చేతిలో ఉండేది రెండు మూడు వారాలే, అదీ పండగ సెలవుల్లో. ఇంతకీ డిసెంబరులో ఇండియా టికెట్లు తీసుకున్నారా?

హోస్ట్: తీసేసుకున్నాం. ఇరవయ్యో తారీఖు. హైదరాబాద్‌లో మా బావమరిది పెళ్లి.

వదిన: అయితే రెండో కాలేజీ ఎస్సేలు నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ సెలవుల్లోనే రాయించెయ్యి. పెళ్లింట్లో వైఫై పట్టుకుని పిల్ల మేడ మీద తిరుగుతుంటే, మీ అత్తగారు నాకే ఫోన్ చేస్తారు.