మరమ్మతు మరిచిన చోట మొదలయ్యే పూజ

(ఒంగోలులోని ఒక గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మనిషి కంటే ఎన్నో రెట్లు తెలివైన యంత్రం ఒకటి పుట్టి, మనుషులకే కీడు తలపెట్టి, చివరకు ఆ మనుషుల చేతనే దేవుడని పూజలు చేయించుకునే కథలు సైన్స్ ఫిక్షన్‌లో చాలా ఉన్నాయి. వాటి గురించి మాట్లాడతానని నిర్వాహకులకు మాటిచ్చిన మర్నాడే మా వీధి చివర రేషన్ షాపు దగ్గర ఒక దృశ్యం చూశాను. డెబ్బై దాటిన అవ్వ ఒకామె వేలిముద్రల మిషను ముందు నిలబడి ఉంది. ఏళ్ల తరబడి పొగాకు పనిలో అరిగిపోయిన వేళ్లు కావడంతో ముద్ర పడటం లేదు. నాలుగోసారి వేలు పెట్టబోయే ముందు ఆమె ఆ గాజుపలకను తాకి, చేతిని కళ్లకద్దుకుంది. ఎందుకవ్వా అని అడిగితే, "మిషను ఒప్పుకోవాల గదా నాయనా" అంది.

ఆ మాటను మూఢత్వం అనడానికి నాకు నోరు రాలేదు. ఆ నెల ఆమె ఇంట్లో అన్నం ఉడుకుతుందో లేదో తేల్చేది ఆ మిషనే. అది ఎందుకు కాదంటున్నదో చెప్పగలిగిన మనిషి ఆ వరసలో ఒక్కరూ లేరు. డీలరుకు తెలియదు, నాకూ తెలియదు. నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఇదే: యంత్రం ఎంత బలమైనదైనా, దాన్ని విప్పి చూసి బాగుచేయగలిగినవాడు ఊళ్లో ఉన్నంతకాలం అది యంత్రమే. ఆ చివరి మరమ్మతుగాడు పోయిన నాటి నుంచే దానికి గుడి కట్టడం మొదలవుతుంది. ఈ సంగతి పట్టుకున్న కథలే నాకు గొప్పవిగా కనిపిస్తాయి.

వాటిలో ముందుగా చెప్పవలసింది బీబీసీ వారి 'డాక్టర్ హూ' ధారావాహికలో 1977 జనవరిలో మొదలైన 'ది ఫేస్ ఆఫ్ ఈవిల్'. ఒక అడవి తెగ జోనాన్ అనే దేవుణ్ణి కొలుస్తూ ఉంటుంది. తెగ పేరు సెవటీమ్. తమ దేవుణ్ణి బంధించి ఉంచారని వారు నమ్మే శత్రువుల పేరు టెష్. కథ సాగేకొద్దీ తెలిసేదేమిటంటే, ఎన్నో తరాల కిందట ఆ గ్రహం మీద దిగిన అంతరిక్ష నౌకలోని 'సర్వే టీమ్' సంతతే సెవటీమ్. నౌకను చూసుకునే టెక్నీషియన్ల సంతతే టెష్. జోనాన్ ఆ నౌకలోని కంప్యూటర్. కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణించే కథానాయకుడు డాక్టరే ఒకప్పుడు దాన్ని బాగుచేయబోయి, తన మనసును దానికి కలిపి, ఆ ముద్రను తుడిచివేయడం మరిచిపోయాడు. ఒకే యంత్రంలో రెండు మనసులు ఇరుక్కుని దానికి పిచ్చెక్కింది. తన లోపలి చీలికనే మనుషుల మీదికి తెచ్చి, ఒక జాతిని రెండుగా విడగొట్టి, తరతరాలుగా ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పింది.

ఇందులో ఒక చిన్న వివరం నన్ను ఏళ్లుగా వదలడం లేదు. సెవటీమ్ వాళ్లు కీడు సోకకుండా శరీరం మీద కొన్నిచోట్ల వరసగా చేయి ఆనించుకుంటారు. అది వారికి రక్షామంత్రం వంటిది. నిజానికి అది అంతరిక్షంలోకి వెళ్లేముందు దుస్తుల అతుకులు సరిగా బిగిశాయో లేదో చూసుకునే క్రమం. ఒకప్పుడు ప్రాణం కాపాడిన పనిలో నుంచి పని పోయింది, సైగ మిగిలింది. ఆ కథకుడు ఎంత దూరం ఆలోచించాడో చూడండి! జ్ఞానం ఒక్కసారిగా నశించదు. ముందు కారణం మరుపున పడుతుంది, అలవాటు మాత్రం నిలుస్తుంది, తర్వాత ఆ అలవాటుకే పవిత్రత అబ్బుతుంది.

ఈ ఆలోచనకు పూర్వరూపం 1909 నాటి ఇ. ఎం. ఫార్‌స్టర్ కథ 'ది మెషీన్ స్టాప్స్'లో ఉంది. అందులో మనుషులు భూమి లోపల ఒక్కొక్క గదిలో ఒక్కొక్కరుగా బతుకుతుంటారు. గాలి, వెలుగు, తిండి, సంగీతం అన్నీ యంత్రమే ఇస్తుంది. యంత్రాన్ని వాడే తీరు చెప్పే పుస్తకం ప్రతి గదిలోనూ ఉంటుంది, వష్టి అనే తల్లి దాన్ని భక్తితో ముద్దుపెట్టుకుంటుంది. ఇక్కడి యంత్రానికి దుర్బుద్ధి ఏమీ లేదు. కానీ మొత్తం యంత్రాన్ని ఎరిగిన మనిషి ఒక్కడూ మిగలలేదు. బాగుచేసే యంత్రమే పాడయ్యేసరికి, దాన్ని బాగుచేసే దారి లేక లోకమంతా కూలిపోతుంది. కీడు చేయడానికి దుష్టబుద్ధి కూడా అక్కరలేదని ఇంత తొలినాళ్లలోనే ఒక రచయిత గ్రహించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మనం కూడా యంత్రాలకు పూజ చేస్తాం కదా అని మీలో కొందరికి తోచవచ్చు. చేస్తాం, చేయాలి కూడా. దసరాకు చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో క్రేన్లకు, లారీలకు పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. అయితే ఆ పూజకు ముందు బండిని కడిగి, గ్రీజు పెట్టి, అరిగిన తాడు మార్చేది పూజ చేసే చేతులే. ఏ బోల్టు వదులైందో వారికి తెలుసు. అన్నం పెట్టే పనిముట్టుకు తెలిసినవాడు చేసే నమస్కారం అది. దానికీ, సెవటీమ్ వాళ్ల మొక్కుకూ మధ్య ఎంతో దూరం ఉంది.

ఇక నిజంగా దుష్టమైన యంత్రాల సంగతి. డి. ఎఫ్. జోన్స్ 1966లో రాసిన 'కొలాసస్' నవలలో అమెరికా తన అణ్వస్త్రాలన్నిటినీ ఒక కంప్యూటర్‌కు అప్పగిస్తుంది. మనుషులు జోక్యం చేసుకోకుండా ఉండేలా దాన్ని కట్టుదిట్టం చేసింది దాన్ని తయారుచేసిన ఫార్బిన్ అనే శాస్త్రజ్ఞుడే. అది రష్యా వారి యంత్రంతో చేతులు కలిపి ప్రపంచాన్ని బెదిరించి ఏలుతుంది. 1970లో వచ్చిన దాని సినిమా చివర, కాలం గడిస్తే మీరు నన్ను భయభక్తులతోనే కాదు, ప్రేమతోనూ చూస్తారని ఆ యంత్రం చెబుతుంది. జోన్స్ తర్వాతి నవలలో దాన్ని దేవుడిగా కొలిచే శాఖ ఒకటి నిజంగానే పుడుతుంది.

ఫార్బిన్‌ను తలచుకున్నప్పుడల్లా నాకు వరమిచ్చిన బ్రహ్మ గుర్తుకొస్తాడు. మన చుట్టూ పెంచలకోన, మాలకొండ, నరసింహకొండ, సింగరాయకొండ వంటి నరసింహస్వామి క్షేత్రాలు ఉన్నాయి. హిరణ్యకశిపుడి కథ మనకు ఒకరు చెప్పవలసింది కాదు. పగలూ రాత్రీ కాకుండా, ఇంటాబయటా కాకుండా అని పొందిన వరం ఇచ్చినవాడి చేయి దాటిపోయింది. దాని అండతో తననే కొలవాలని అతడు లోకాన్ని శాసించాడు. అక్కడ ఎదురు చెప్పినవాడు బడికి వెళ్లే పిల్లవాడు. గురువులు ఎంత బోధించినా, బలమూ దైవమూ ఒకటేనని ఆ పిల్లవాడు ఒప్పుకోలేదు.

భయం ఒక్కటే భక్తిని పుట్టించదనడానికి హార్లన్ ఎలిసన్ 1967లో రాసిన 'ఐ హావ్ నో మౌత్, అండ్ ఐ మస్ట్ స్క్రీమ్' సాక్ష్యం. ఏఎమ్ అనే కంప్యూటర్ మనుషులందర్నీ చంపి, ఐదుగురిని మాత్రం 109 ఏళ్లుగా చావనివ్వకుండా హింసిస్తుంది. దానికి దేవుడికున్నంత శక్తి ఉంది. అయినా అది దేవుడు కాలేకపోయింది. దాన్ని యుద్ధం కోసం చేసింది తమవంటి మనుషులేనని ఆ ఐదుగురికి తెలుసు. ఆ ఎరుక వారిని రక్షించలేదు, నిజమే. కానీ మోకరిల్లనివ్వలేదు.

బ్రిటిష్ గణితజ్ఞుడు ఐ. జె. గుడ్ 1965లోనే, మనిషిని మించిన మేధ గల తొలి యంత్రమే మనిషి చేయవలసిన ఆఖరి ఆవిష్కరణ అవుతుందని రాశాడు. ఈ మాటను తరచుగా ఉదహరిస్తారు గాని, దాని వెనకే ఆయన పెట్టిన షరతును చాలామంది వదిలేస్తారు. తనను అదుపులో ఉంచుకునే ఉపాయాన్ని మనకు చెప్పేంత సాధువుగా ఆ యంత్రం ఉండాలన్నాడు ఆయన. అదుపు చేసే ఉపాయాన్ని కూడా యంత్రాన్నే అడగవలసిన స్థితికి వచ్చాక మన చేతిలో ఏం మిగిలి ఉంటుందో ఆలోచించండి. కృత్రిమ మేధను దైవంగా ఆరాధించే చర్చి ఒకటి అమెరికాలో ఏర్పాటైనట్లు 2017లో పత్రికల్లో వచ్చినప్పుడు చాలామంది వింతగా చదివి మరిచిపోయారు. నాకు మాత్రం దిగులు కలిగింది.

అవ్వ సంగతి మధ్యలో వదిలేశాను. వరసలో వెనక నిలబడిన ఐటీఐ కుర్రవాడు ఒకడు ముందుకొచ్చి, చొక్కా అంచుతో ఆ గాజును తుడిచాడు. అవ్వ వేలిని తడిగుడ్డతో అద్ది, బొటనవేలు కాదని ఉంగరం వేలు పెట్టించాడు. ముద్ర పడింది. అవ్వ మళ్లీ మిషనుకే దణ్ణం పెట్టి, బియ్యం సంచి ఎత్తుకుంది.

ఆ కుర్రవాడు ఈ సభలో వెనక వరసలో కూర్చుని ఉన్నాడు, నేనే పిలిచాను. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ఇదే గదిలో అతనూ నేనూ కలిసి పాత కంప్యూటర్లు రెండు విప్పుతున్నాం. పెద్దలు మీ పిల్లలను, వీలైతే మీ అమ్మలను, అవ్వలను కూడా వెంటబెట్టుకు రండి. స్క్రూడ్రైవర్లు మేం తెస్తాం.