అక్కడెవరైనా ఉన్నారా అని అడిగితే

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా పలకరించాలి. ఇచ్చిన టైమ్ తక్కువ, కడుపులో ఉన్న మాట పెద్దది. మన్నించండి.

వెనకబడిన నాగరికతల విషయంలో జోక్యం కూడదన్న సూత్రం గురించి మాట్లాడమన్నారు. సైన్స్ ఫిక్షన్ అభిమానులకు ఇది వినగానే అమెరికన్ టీవీ సీరియల్ స్టార్ ట్రెక్‌లోని ప్రైమ్ డైరెక్టివ్ గుర్తొస్తుంది. 1967లో వచ్చిన ఎపిసోడ్‌లో ఆ పేరు మొదట వినిపించింది. ఎదుగుతున్న సమాజాల జోలికి పోకూడదు, వాళ్ల దారి వాళ్లను వెతుక్కోనివ్వాలి. రూలు అదే.

మంచి రూలే. ఓడలెక్కి వెళ్లి, నాగరికత నేర్పుతామంటూ ఖండాలకు ఖండాలే మింగిన చరిత్ర మనిషిది. 1968లో, వియత్నాం యుద్ధం నడుస్తుండగానే, అదే సీరియల్‌లో ఒక కథ వచ్చింది. ఒక గ్రహంలో బయటివాళ్లు ఒక పక్షానికి తుపాకులిస్తారు. సమానం చేద్దామని అంతరిక్ష ఓడ కెప్టెన్ రెండో పక్షానికీ అవే తుపాకులిస్తాడు. బలవంతుడి చెయ్యి కట్టేయడానికి ఇలాంటి రూలు ఉండి తీరాలి. అందులో నాకు రెండో మాట లేదు.

అయితే స్టార్ ట్రెక్‌లోనే 1989లో వచ్చిన ఇంకో కథ నన్ను వదలడం లేదు. డేటా అనే ఆండ్రాయిడ్, అంటే మనిషి రూపంలో ఉన్న యంత్రం, ఒక అంతరిక్ష ఓడలో అధికారి. అతనికి రేడియోలో ఒక చిన్నపిల్ల గొంతు వినిపిస్తుంది. అక్కడెవరైనా ఉన్నారా అని అడుగుతుంది. ఉన్నానంటాడు. వారాల తరబడి మాట్లాడుకుంటారు. ఆ పాప ఉన్న గ్రహం భూకంపాలతో బద్దలైపోతోంది. ఓడలో అధికారులంతా కూర్చుని చర్చిస్తారు. వాళ్ల రాత అలా ఉందేమో, మనం ఎందుకు అడ్డుపడాలి అనే వాదన కూడా వస్తుంది. చివరికి సంబంధం తెంచెయ్యమంటాడు కెప్టెన్. తెంచడానికి లైన్ కలిపితే, భయంతో వణుకుతున్న ఆ పాప గొంతు గదిలో అందరికీ వినపడుతుంది. కెప్టెన్ ఆగిపోతాడు.

ఒక్కసారి ఆలోచించండి. అంతసేపు వాదించుకున్నది ఎవరి గురించి? గొంతు లేని గ్రహం గురించి. గొంతు విన్నాక ఆ వాదన నిలబడలేదు.

స్టార్ ట్రెక్‌లోనే 2002లో వచ్చిన మరో కథ చెప్పాలంటే నాకు కోపం ఆగదు. జబ్బుతో అంతరిస్తున్న ఒక జాతి సాయం చేయమని నోరు తెరిచి అడుగుతుంది. అక్కడికొచ్చిన ఓడలోని డాక్టర్ దగ్గర మందు ఉంది. అదే గ్రహం మీద ఇంకో జాతి పైకొస్తోంది కాబట్టి, పరిణామానికి అడ్డు రాకూడదని ఆ మందు ఇవ్వరు. పరిణామం ఎక్కడికీ బయల్దేరిన బండి కాదండీ! దానికి గమ్యం లేదు, ప్లాన్ లేదు. లేని ప్లాన్‌ను కాపాడ్డానికి ఉన్న ప్రాణాలను వదిలేస్తారా? అడగని వాళ్లింట్లోకి చొరబడటం వేరు. తలుపు తట్టి అడిగినవాళ్ల ముందు తలుపు మూయడం వేరు. ఈ రెండింటినీ ఒకే రూలు కింద కట్టేస్తే నేను ఒప్పుకోను. మీరు ఒప్పుకుంటారా?

ఇదే విషయం మీద వచ్చిన రష్యన్ నవలల గురించి కూడా రాసుకొచ్చాను. ఆ కాగితాలు పక్కన పెడుతున్నాను, ఎందుకంటే పాప కథ ఇంకా పూర్తవ్వలేదు.

ఆ గ్రహాన్ని కాపాడతారు. ఈలోగా పాపను ఓడ మీదికి తీసుకొచ్చారు కదా, రూలు గుర్తొస్తుంది. ఆ ఓడలోని డాక్టరమ్మ ఆ పిల్ల జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. నన్నడిగితే మొత్తం కథలో అసలైన జోక్యం అది. భూకంపాలు ఆపడం కాదు, పిల్ల తలలో చెయ్యి పెట్టి ఆమె స్నేహితుణ్ణి తీసేయడం. ఆమెను ఎవరూ అడగలేదు. ప్రాణం కాపాడమని అడిగింది గానీ మరిచిపోయేలా చెయ్యమని అడగలేదు.

డాక్టరమ్మ గదిలో ఒక రాయి ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే పాడుతుంది, ఒక్కొక్కరికి ఒక్కో పాట. పాప చేతిలో పాడింది. డేటా యంత్రం కాబట్టి అతని చేతిలో పాడలేదు. నిద్రపోతున్న పాపను ఇంటికి చేర్చి, వెళ్లిపోయే ముందు, ఆ రాయిని ఆమె చేతిలో పెడతాడు.