రువాండా కరెంటు, మన ఊరి ఎరువుల కొట్టు

ఆఫ్రికా దేశానికి భారత్ ఇన్ని కోట్ల డాలర్ల రుణం ఇచ్చిందని వార్త వస్తుంది. వెంటనే ఎవరో ఒకరు అంటారు: "మన ఊరికి రోడ్డు లేదు, అక్కడ పంచిపెడుతున్నారు." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. ఆ డబ్బులో ఎక్కువ భాగం అసలు దేశం దాటి వెళ్లదు.

ఎరువుల కొట్టు గుర్తు చేసుకోండి. తొలకరికి రైతు చేతిలో పైసా ఉండదు. కొట్టు యజమాని నోట్లు ఇవ్వడు. విత్తనాలు, యూరియా బస్తాలు ఇచ్చి ఖాతాలో రాసుకుంటాడు. వార్తల్లో చెప్పే ఆ రుణమూ ఇలాంటిదే, దాన్నే లైన్ ఆఫ్ క్రెడిట్ అంటారు.

రువాండాలో న్యాబరొంగో నది మీద 28 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. దానికి మన ఎగ్జిమ్ బ్యాంకు, అంటే ఎగుమతి దిగుమతులకు అప్పులిచ్చే ప్రభుత్వ బ్యాంకు, 8 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. యంత్రాలు మన ప్రభుత్వ కంపెనీ బీహెచ్ఈఎల్‌వి. ఇలాంటి అప్పుల్లో సరుకు పంపినట్టు కాగితాలు చూపిస్తే బ్యాంకు సొమ్ము చెల్లించేది ఇక్కడి కంపెనీకే. బాకీ మాత్రం అక్కడి ప్రభుత్వం పేరున ఉంటుంది. మామూలుగా కాంట్రాక్టు విలువలో 75 శాతం మన దగ్గరే కొనాలి. బస్తాలు మా కొట్లోనే తీసుకోవాలన్నమాట.

వడ్డీ సంగతి చూద్దాం. 2015 నిబంధనల్లో బాగా పేద దేశాలకు 1.5 శాతం, గడువు 25 ఏళ్లు. అంత తక్కువకు బ్యాంకుకు గిట్టదు కాబట్టి తేడాను మన ప్రభుత్వం భరిస్తుంది, బాకీకి పూచీ కూడా అదే ఉంటుంది. మన పన్నుల సొమ్ము తగిలేది ఇక్కడే. నిలదీయాలంటే దీన్ని నిలదీయండి.

కొట్టువాడు సరుకు ఆలస్యం చేస్తే అదునుదాటి నష్టపోయేది రైతే. ఇథియోపియాలో మన అప్పుతో తలపెట్టిన టెండాహో చక్కెర కర్మాగారం పనులు ఏళ్ల తరబడి సాగాయి. ఇది నాకు నిజంగా మింగుడుపడని విషయం.

సమయం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. పక్కనే చైనా కొట్టు ఉంది, మనకంటే చాలా పెద్దది. మొంబాసా నుంచి నైరోబికి రైలు మార్గం దాని అప్పుతోనే వచ్చింది. మనకు రాజకీయ అవసరమూ ఉంది: ఐక్యరాజ్యసమితిలో 54 ఆఫ్రికా దేశాలకు 54 ఓట్లు. 2023 ఢిల్లీ జీ20లో ఆఫ్రికా యూనియన్‌కు సభ్యత్వం ఇప్పించడానికి మనం అంత పట్టుబట్టింది ఊరికే కాదు.

చివరిగా రెండు అంకెలు. 2015లో ఢిల్లీలో జరిగిన భారత్-ఆఫ్రికా సదస్సులో భారత్ ప్రకటించిన రుణం 1,000 కోట్ల డాలర్లు. తిరిగి అడగని గ్రాంటు 60 కోట్ల డాలర్లు.