పసిగుడ్డు తల కింద ఒత్తిడి

శ్రోతలకు నమస్కారం. మంచం పట్టిన పెద్దవాళ్లకు నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయని మనకు తెలుసు. పట్టుమని మూడు కిలోలు లేని పసిగుడ్డుకీ అలాంటి పుండు పడొచ్చంటే నమ్మబుద్ధి కాదు. పసికందుల ఐసీయూ, అంటే ఎన్ఐసీయూలో పనిచేసే నర్సులకు మాత్రం ఇది తెలిసిన భయమే.

బరువెంతన్నది కాదు, ఆ బరువు ఎంత చోటు మీద పడుతోందన్నదే ముఖ్యం. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు పావు వంతు తలే. వెల్లకిలా పడుకోబెడితే వీపు పరుపు మీద పరుచుకుంటుంది. గుండ్రటి తల మాత్రం వెనకవైపు చిన్న చోటే ఆనుతుంది. అందుకే అక్కడ ఒత్తిడి ఎక్కువ.

దీన్ని కొలవడానికి సెన్సార్లు పొదిగిన పలచటి షీటు ఉంటుంది. దాన్ని పరుపు మీద పరిచి బిడ్డను పడుకోబెడితే కంప్యూటర్ తెర మీద ఒత్తిడి రంగుల్లో కనిపిస్తుంది. మామూలుగా తక్కువున్న చోట నీలం, ఎక్కువున్న చోట ఎరుపు. లెక్క బీపీలాగే మిల్లీమీటర్ల పాదరసంలో. చెప్పినంత తేలిక కాదు లెండి. షీటు కాస్త ముడత పడితే లేని ఒత్తిడి కనిపిస్తుంది. బిడ్డ కాళ్లు ఆడిస్తే బొమ్మంతా మారిపోతుంది, నిద్రపోయేదాకా ఆగాల్సిందే. వీపు కింద ఎర్రచుక్క తేలితే, మానిటర్ వైరేమైనా ఇరుక్కుందేమో ముందు చూడాలి.

మరి ఎంత ఒత్తిడి అయితే ప్రమాదం? 1930లో లాండిస్ అనే పరిశోధకుడు గోటి మొదట్లోని సన్నటి రక్తనాళాల్లో ఒత్తిడిని సుమారు 32 మిల్లీమీటర్లుగా కొలిచాడు. అంతకు మించి నొక్కితే చర్మానికి రక్తం అందదని, చాలాకాలం దాన్నే హద్దుగా వాడారు. నెలలు నిండని బిడ్డకు బీపీయే తక్కువ, చర్మం మరీ పలచన. పెద్దవాళ్ల అంకె ఆ పసివాళ్లకు అరువు చొక్కాలాంటిదే. పైగా ఒత్తిడి ఎంతన్నదే కాదు, ఎంతసేపన్నదీ చూడాలి. అందుకే నర్సులు వేళకి బిడ్డ తల తిప్పుతారు, ఆక్సిజన్ చూడటానికి కాలికి పెట్టిన ప్రోబ్ చోటు మారుస్తారు.

ఇంట్లో ఆరోగ్యంగా కదిలే బిడ్డ గురించి ఈ టెన్షన్ అక్కర్లేదు. ఇది విని వెల్లకిలా పడుకోబెట్టడం మాత్రం మానకండి. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారం మొదలయ్యాక, నిద్రలో హఠాత్తుగా పోయే పసిపిల్లల సంఖ్య సుమారు సగానికి తగ్గింది. తల చదునవుతుందని అమ్మమ్మలు పెట్టే ఆవాల దిండు నిద్రలో వద్దు. పడుకోబెట్టేటప్పుడు తల ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిప్పండి. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి, కాసేపు బోర్లా వేయండి. నమస్కారం.