రెండుసార్లు నేలకు తట్టిన బూటు

శ్రోతలకు నమస్కారం.

రేడియోలో కూర్చుని బొమ్మల సినిమాల గురించి మాట్లాడ్డమేమిటని అనుకుంటున్నారేమో. స్టూడియోకి వస్తుంటే నాకూ అదే అనిపించింది. చూపించడానికి చేతిలో ఒక్క బొమ్మ లేదు. అయితే దారిలోనే ఇంకో సంగతి తట్టింది. బొమ్మ లేకుండా నోటిమాటతో చెప్పినా ఒక పాత్ర మీ కళ్ళకు కట్టిందంటే, ఆ పాత్రలో సరుకున్నట్టే. ఇవాళ అనిమే, అంటే జపాన్ వాళ్ళ బొమ్మల సినిమాలూ సీరియళ్ళూ, వాటిలో పాత్రలకి ఆ పరీక్షే పెడదాం.

మా మేనల్లుడికి పన్నెండేళ్ళు. వాడి పుణ్యమా అని నేనూ అనిమే చూడ్డం మొదలుపెట్టాను. 2025 సెప్టెంబరులో, రాక్షసుల్ని వేటాడే కత్తివీరుల కథ డీమన్ స్లేయర్ కొత్త సినిమా, ఇన్ఫినిటీ కాసిల్, తెలుగులో కూడా హాళ్ళకొచ్చినప్పుడు నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది వాడే. ఆ కథలో వాడికి ప్రాణం రెంగోకు. 2020 నాటి ముగెన్ ట్రెయిన్ సినిమాలో కనిపిస్తాడు. మంటలు చిమ్మే కత్తి, మంటలాంటి జుట్టు. ఓ రోజు అడిగాను: "ఒరే, ఆ రెంగోకు కత్తి తిప్పేటప్పుడు ఒక్కో ఎత్తుకీ ఒక్కో పేరు చెప్తాడు కదా, అవేంట్రా?" ఒకటి రెండు చెప్పి నీళ్ళు నమిలాడు. "పోనీ, రైల్లో ఏం చేస్తాడు?" అన్నాను. మొహం వెలిగిపోయింది. "తింటాడు మావయ్యా! డబ్బా మీద డబ్బా తింటాడు. ముద్దముద్దకీ ఉమాయ్! ఉమాయ్! అని అరుస్తాడు!" ఉమాయ్ అంటే మనం 'బ్రహ్మాండం' అంటామే, అదీ. ఇప్పుడు మావాడు ఆవకాయన్నం తింటూ అదే కేక పెడతాడు, మా చెల్లెలు గరిటె చూపిస్తుంది.

ఆ రెంగోకు సినిమా చివర ప్రాణం విడుస్తాడు. చూడనివాళ్ళు మన్నించాలి, ఇన్నేళ్ళ తర్వాత కూడా దాచమంటే నావల్ల కాదు. ఆ చావు మనల్ని కుదిపేయడానికి కత్తి ఎంత కారణమో నాకు తెలీదు గానీ, ఆ ఖాళీ డబ్బాలు మాత్రం కారణమే. అంత ఇష్టంగా అన్నం తిన్న మనిషి పోతే మనింట్లో విస్తరి ఒకటి తగ్గినట్టుంటుంది.

దీని మీద నాకో లెక్క ఉంది. మామూలు సినిమాలో నటుడు ముక్కు గోక్కున్నాడనుకోండి. అది అతని అలవాటు కావచ్చు, ఆ పూట దురదా కావచ్చు. కెమెరా తిరుగుతోంది కాబట్టి అదీ పడిపోతుంది. అనిమేలో దానంతటది జరిగేది ఏదీ లేదు. ముక్కు గోక్కోవాలంటే ఎవరో బల్ల ముందు కూర్చుని, చెయ్యి లేచినట్టు, ముక్కు దాకా వెళ్ళినట్టు, దిగినట్టు ఒక్కొక్కటే గీయాలి. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున వేసుకున్నా సెకనుకు 12 బొమ్మలు. మూడు సెకన్ల గోకుడికి 36. కథకి అక్కర్లేని పనికి అన్ని బొమ్మలు గీశారంటే, ఎవరో పట్టుబట్టి దాన్ని కావాలనుకున్నారన్నమాట. చూసేవాడికి ఈ లెక్కలేవీ తెలియవు. కానీ ఆ శ్రద్ధ ఎలాగో అందుతుంది.

అసలు టీవీ అనిమే పుట్టిందే పొదుపులో. 1963 జనవరి 1న బొమ్మల కథలు గీసే ఒసాము తెజుకా తన ఆస్ట్రో బాయ్ సీరియల్‌ని జపాన్ టీవీలోకి తెచ్చాడు. వారం వారం అరగంట కార్యక్రమం. డబ్బు చాలదు, గడువు నెత్తిమీద కూర్చుని ఉంటుంది. దాంతో బొమ్మల్లో కోత పెట్టారు. మూడేసి ఫ్రేములకు ఒకటే బొమ్మ. మాట్లాడేటప్పుడు నోరొక్కటే కదులుతుంది, తక్కిన మొహం కదలదు. ఒకసారి వాడిన బొమ్మనే దాచుకుని మళ్ళీ వాడడం. మన ఇళ్ళలో రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే పులిహోర అయిపోయినట్టు. కదలని బొమ్మని జనం విసుక్కోకుండా చూడాలంటే ఆ నిలబడ్డ తీరులోనే మనిషి తెలిసిపోవాలి. అందుకే ఆ జుట్లు, ఆ టోపీలు, మొహంలో సగం ఆక్రమించే ఆ కళ్ళు.

ఈ కిటుకు మన తోలుబొమ్మలాట వాళ్ళకి ఏనాడో తెలుసు. తెర వెనక దీపం, తెర మీద బొమ్మ. జుట్టుపోలిగాడు వచ్చాడని ఎవరూ చెప్పక్కర్లేదు, పేరులో ఉన్న ఆ జుట్టే చెప్తుంది. వన్ పీస్ అనే సముద్రపు దొంగల కథలో హీరో లూఫీ కూడా అంతే, ఒళ్ళంతా సిరా పూసి గోడకి ఆనించినా ఆ గడ్డిటోపీ అంచు చూసి పిల్లలు పేరు చెప్పేస్తారు. అయితే పోల్చుకోవడం వేరు, గుర్తుండిపోవడం వేరు. నీలం జుట్టుతో, గులాబీ జుట్టుతో వచ్చి పోయిన పాత్రలు ఎన్ని వేలో. (జపాన్ వాళ్ళు మనవాళ్ళతో కలిసి తీసిన రామాయణం అనిమే కూడా 2025 జనవరిలో తెలుగు మాటలతో హాళ్ళకొచ్చింది. చక్కటి పని. కానీ రాముణ్ణి మనకి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు కాబట్టి, మన పరీక్షకి అది పనికిరాదు.)

గుర్తుండడం ఎంతదాకా పోతుందో చెప్పడానికి ఒక చావు సంగతి చెప్పాలి.

అషితా నో జో అని ఒక బాక్సింగ్ కథ. రేపటి జో అని అర్థం. 1960ల చివర్లో వారపత్రికలో బొమ్మల సీరియల్‌గా మొదలైంది. హీరో జో, దిక్కూమొక్కూ లేని కుర్రాడు. బాలనేరస్థుల జైల్లో వాడికి తగిలిన ప్రత్యర్థి రికియిషి. బొమ్మలు వేసిన తెత్సుయా చిబా, మొదట ఈ రికియిషిని జో కన్నా బాగా పొడుగ్గా, దిట్టంగా గీసేశాడు. కథలో వీళ్ళిద్దరూ చివరిదాకా తలపడతారని అప్పటికి ఆయనకి తెలీదు. తీరా చూస్తే బాక్సింగ్‌లో తూకాలున్నాయి. జో తేలిక, రికియిషి బరువు. ఇద్దరూ ఒక రింగులోకి దిగే వీల్లేదు. గీసిన బొమ్మని చెరపలేరు. ఇక మిగిలిన దారి ఒక్కటే, రికియిషి బరువు తగ్గాలి.

చెయ్యి జారి గీసిన గీత నుంచి ఆ కథ ఏం చేసిందో చూడండి. రికియిషి తిండి మానేస్తాడు, తర్వాత నీళ్ళూ మానేస్తాడు. బుగ్గలు లోపలికి పోతాయి. ఒక రాత్రి దాహం తట్టుకోలేక గదిలోంచి బయటపడి కుళాయిల దగ్గరికి దేకుతూ వెళ్తాడు. కుళాయిలన్నీ తీగెతో బిగించి కట్టేసి ఉంటాయి. అప్పుడు యోకో అనే అమ్మాయి చూడలేక కప్పులో వేడినీళ్ళు తెచ్చి ఇస్తుంది. తాగు, ఎవరూ ఏమీ అనరు అంటుంది. అతను కప్పు చేతిలోకి తీసుకుంటాడు. ఆమెకి కృతజ్ఞత చెప్తాడు. కప్పు వంచి నీళ్ళు నేల మీద పోసేస్తాడు.

తర్వాత ఆ పోటీలో జో మీద గెలుస్తాడు. గెలిచిన రింగులోనే కూలిపోతాడు.

1970 మార్చి 24న టోక్యోలో రికియిషికి సంతాపసభ జరిగింది. కథలో కాదండీ, నిజంగానే. కవి, నాటకకర్త షూజి తెరయామా పూనుకున్నాడు. ఆ పత్రిక వేసే కొదాన్షా ప్రచురణ సంస్థలో రింగు కట్టి, బౌద్ధ భిక్షువుతో మంత్రాలు చదివించారు. సుమారు 700 మంది వచ్చారు. కాగితం మీద సిరాతో గీసిన మనిషికి! ఇలాంటిది చదివినప్పుడు మొదట నవ్వొస్తుంది. ఆ నీళ్ళ కప్పు గుర్తొస్తే నవ్వు ఆగిపోతుంది.

ఎనిమిది రోజుల తర్వాత, ఏప్రిల్ 1న, అదే కథ టీవీలో అనిమేగా మొదలైంది. దర్శకుడు ఒసాము దెజాకి, ఆస్ట్రో బాయ్ దగ్గర పని నేర్చుకున్నవాడు. తెజుకా దగ్గర గతిలేక బొమ్మని ఆపేవారు, దెజాకి కావాలని ఆపాడు. దెబ్బ తగిలిన క్షణంలో కదలిక ఆగిపోయి, రంగులద్దిన కదలని చిత్రంగా మారిపోతుంది. ఆ పద్ధతి ఆయన పేరు మీదే నిలిచిపోయింది.

ఇప్పుడొచ్చే కథల మీద నాకో ఫిర్యాదు ఉంది. పాత్ర చచ్చిపోయే ముందు దాని చిన్నప్పటి కష్టాలన్నీ పది నిమిషాలు చూపిస్తారు. ఏడవండర్రా అని మెడ మీద చెయ్యి వేసినట్టుంటుంది. నేను ఇందాక మెచ్చుకున్న డీమన్ స్లేయర్‌కీ ఈ జబ్బు బాగానే ఉంది. దీనికి విరుగుడు కావాలంటే ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ చూడండి. పాడిపశువుల్ని పెంచే రైతు కుటుంబంలో పెరిగిన హిరోము అరకావా రాసి గీసిన కథ. అందులో హ్యూస్ అని ఒక సైన్యాధికారి. ఎవరు కనబడినా జేబులోంచి కూతురి ఫోటోలు తీసి చూపిస్తాడు. ఆఫీసు ఫోన్లో కూడా అదే గోల. మన బంధువుల్లోనూ అలాంటాయన ఒకాయన ఉంటాడు, దూరం నుంచి చూసి రోడ్డు దాటేస్తాం. హ్యూస్‌ని చంపేస్తారు. అంత్యక్రియల్లో గోతిలో మట్టి పోస్తుంటే ఆ ఫోటోల్లో పిల్ల తల్లిని అడుగుతుంది: నాన్నని ఎందుకు పూడ్చేస్తున్నారు, నాన్నకి చాలా పనుందన్నాడు కదా, పూడ్చేస్తే పనెలా చేసుకుంటాడు? అంతే. వెనకటి కథ లేదు. మనం విసుక్కున్న ఫోటోలే వచ్చి గొంతు పట్టుకుంటాయి.

రేడియోలో ఉన్నాం కాబట్టి గొంతుల మాట ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. కొండల్ని పిండిచేసే డ్రాగన్ బాల్ హీరో గోకుకి 1986 నుంచి గొంతిస్తున్నది ఒక ఆడమనిషి, మసాకో నొజావా. ఆవిడ పుట్టింది 1936లో. నరుటో అనే నింజా కుర్రాడి గొంతూ ఆడగొంతే, జుంకో తాకెఉచిది. మగపిల్లాడి గొంతు కొన్నాళ్ళకి మారిపోతుంది, వీళ్ళది మారదు. తెరమీద గోకు పెళ్ళాడి పిల్లల్ని కన్నా, ఆ గొంతులో చిన్నపిల్లాడి ఆకలి అలాగే ఉంటుంది.

ఇక నాకిష్టమైన పిల్ల. హయావో మియాజాకి 2001లో తీసిన స్పిరిటెడ్ అవేలో చిహిరో. ఆ సినిమాకి 2003లో ఆస్కార్ కూడా వచ్చింది. చిహిరోకి పదేళ్ళు. అందగత్తె కాదు, కాళ్ళు పుల్లల్లా ఉంటాయి. కారు వెనక సీట్లో పడుకుని కొత్త బడిని చూసి నాలుక చాపుతుంది. దారి తప్పి దేవతల స్నానశాలకి చేరతారు. అమ్మా నాన్నా అక్కడి తిండి తిని పందులైపోతారు. ఈ పిల్ల యుబాబా అనే మంత్రగత్తె దగ్గర పనికి కుదరాలి. పేరు కూడా లాగేసుకుని సెన్ అని తుంచిన ముక్క చేతిలో పెడుతుంది యుబాబా.

మొదటి రాత్రి నిటారుగా ఉన్న చెక్కమెట్లు దిగాలి. చిహిరో కూర్చుని, ఒక్కో మెట్టుకీ ఒక్కో కాలు చాపుతూ జరుగుతుంది. తర్వాత అదే పిల్ల ఆ భవనం గోడ పక్కన పోయే గొట్టం మీద పరిగెడుతుంది. ధైర్యం వచ్చిందని సినిమాలో ఒక్కరూ అనరు. ఆ కాళ్ళనే చూడమని వదిలేస్తాడు మియాజాకి.

ఆయన్ని అమెరికా సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ కలిసినప్పుడు, మీ సినిమాల్లో ఏమీ జరగని క్షణాలు నాకిష్టం అన్నాడట. దానికి మియాజాకి చప్పట్లు కొట్టి చూపించాడు. ఇదిగో, ఇలా.

[చప్పట్లు. విరామం. చప్పట్లు.]

విన్నారా? ఆ మధ్యలో ఉన్న ఖాళీని 'మా' అంటారు జపాన్‌లో. మన మృదంగం వాళ్ళని అడిగితే వాళ్ళూ ఇదే చెప్తారు, దెబ్బ ఎంతో ఖాళీ అంత.

అలాంటి ఖాళీ ఒకటి సినిమాలో ఆ మొదటి రాత్రి గడిచిన మర్నాటి పొద్దున వస్తుంది. తల్లిదండ్రుల్ని చూపిస్తానని హకూ అనే అక్కడి కుర్రాడు రమ్మన్నాడు. చిహిరో బాయిలర్ గదిలోంచి వెళ్ళాలి. అక్కడ బొగ్గు మోసే మసి ఉండలు ఆమె బూట్లు తెచ్చి పెడతాయి. ఆమె కాళ్ళు దూర్చి, బూటు ముందు కొన నేలకేసి టక్ టక్‌మని తట్టి, మడమ సర్దుకుని, అప్పుడు పరిగెడుతుంది. కథకి ఆ తట్టడంతో ఏ పనీ లేదు. కత్తిరించినా ఎవరికీ తెలీదు. తర్వాత హకూ అన్నపు ఉండ ఇస్తాడు. వద్దు వద్దంటూనే కొరుకుతుంది, ఇంతింత కన్నీళ్ళు బొటబొటా రాలతాయి. నోరు నిండా అన్నం, ఏడుపూ ఆగదు, నమలడమూ ఆగదు. చిన్నప్పుడు దెబ్బలు తిని, ఆ తర్వాత అమ్మ పెట్టిన పెరుగన్నం తిన్న ప్రతివాళ్ళకీ ఆ నమలడం తెలుసు.

ఈ సినిమా మావాడితో కలిసి ఇంట్లో చూశాను. సగం సినిమాలో ఏమీ జరగలేదు మావయ్యా అన్నాడు. ఎవరు గెలిచారో కూడా వాడికి తేలలేదు. నేను వాదించలేదు.

మర్నాడు పొద్దున్న వీధిలో స్కూలు ఆటో హారన్ కొడుతోంది. లేసు విప్పకుండానే కాలు కూరుకున్నాడు, మడమ సగంలో ఇరుక్కుంది. గడప దగ్గర ఆగి, బూటు ముందు కొన నేలకేసి రెండుసార్లు తట్టాడు, టక్ టక్. తర్వాత పరుగు. రోజూ అలాగే తట్టేవాడేమో, నేనే ఎప్పుడూ చూళ్ళేదేమో. అడుగుదామనుకునేలోపు ఆటో మలుపు తిరిగిపోయింది.

నమస్కారం.