డెబ్బై ఏళ్లని రాసిన ఉత్తరం

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి తీసే వాగ్దానపు కార్డులో యిర్మీయా 29:11 వస్తే మనకెంత సంతోషమో! మీ గురించి నా ఉద్దేశాలు మేలు చేసేవే గానీ హాని చేసేవి కావు అని దేవుడు చెప్పిన మాట అది. కానీ దాని పైనున్న 10వ వచనాన్ని కార్డు మీద వేయగా నేనెప్పుడూ చూడలేదు. బబులోనుకు డెబ్బై ఏళ్లు నిండాకే మిమ్మల్ని వెనక్కి తెస్తానని అక్కడుంది.

ఈ మాట ఎవరికి రాశారో చూడండి. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీదికొచ్చి, యూదా రాజైన యెకొన్యాను, అతని తల్లిని, చేతిపని తెలిసినవాళ్లను బబులోనుకు పట్టుకుపోయాడు. యెరూషలేములో ఉన్న యిర్మీయా ప్రవక్త వాళ్లకే ఈ ఉత్తరం రాశాడు. ముప్పై ఏళ్లవాడు అది విన్నాడంటే, తను మళ్లీ సొంత ఊరు చూడడని వాడికి అక్కడే తెలిసిపోతుంది. అదే రోజుల్లో హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో నిలబడి రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని చెప్పాడు, బబులోనుకు లొంగి ఉండాలనే గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడిని తీసి విరిచేశాడు కూడా. యిర్మీయాకు మాత్రం అలా జరిగితే బాగుండునని లేదా? ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక అన్నాడు. కానీ దేవుడు చెప్పింది అది కాదు, హనన్యా ఆ సంవత్సరమే చనిపోయాడు.

మరి డెబ్బై ఏళ్లూ ఏం చేయాలి? నాకు ఈ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైనవి 5, 6 వచనాలు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి అన్నాడు. అంతటితో ఆగక, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయమన్నాడు, అది ఎంత కష్టమైన మాటో! షెమయా అనేవాడు ఇది విని మండిపడి, యిర్మీయాను బొండలో, అంటే కాళ్లు బిగించే కొయ్యలో, ఎందుకు వేయలేదని యెరూషలేముకు ఉత్తరాలు రాశాడు.

హైదరాబాద్ అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కి చదివే ఒక తమ్ముడి గదికి వెళ్లాను. 2022లో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపరు లీకై రద్దయింది, 2023లో మళ్లీ రాస్తే అదీ రద్దయింది, ఇందులో ఆ పిల్లాడి తప్పేముంది చెప్పండి! పడక చాప మీదే, బట్టలు బ్యాగులోనే, గోడకు ఒక మేకైనా లేదు. దగ్గర్లో ఏ సంఘానికి వెళ్తున్నావంటే "ఉద్యోగం రానీ అన్నా, అన్నీ చూసుకుందాం" అన్నాడు. వాడి టెన్షన్ నాకు అర్థమైంది, కానీ ఓపిక పట్టడమంటే బతుకుని బ్యాగులో పెట్టి జిప్ వేసుకోవడమని ఏ వాక్యం చెప్పిందని?

దానియేలుని చూడండి. చిన్నవాడుగా బబులోనుకు చెరలో వచ్చి, ఆ దేశంలోనే ముసలివాడయ్యాడు, తిరిగి వెళ్లాడని బైబిల్లో ఎక్కడా లేదు. రోజుకు మూడుసార్లు యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ప్రార్థన చేసేవాడు, ఆ దేశపు రాజుల కొలువులో ఏ వంకా లేకుండా పనిచేసేవాడు. ఒక దర్శనం చూసి కొన్నాళ్లు జబ్బుపడి కూడా, లేచి మళ్లీ రాజు పని చూసుకున్నానని 8వ అధ్యాయంలో తనే రాసుకున్నాడు.

నోటిఫికేషన్ కోసమో, వీసా కోసమో, మంచి సంబంధం కోసమో ఎదురుచూస్తున్నవాళ్లు ఆరాధన అయ్యాక ఉండండి, పేరుపేరునా ప్రార్థన చేద్దాం. ఆ తమ్ముడు కూడా వచ్చాడు.