చెస్ట్‌నట్‌లో గోధుమ జన్యువు

శ్రోతలకు నమస్కారం.

అమెరికా తూర్పు కొండల్లో ఒకప్పుడు చెస్ట్‌నట్ చెట్టుదే రాజ్యం. దాని కాయలు ఎలుగుబంట్లూ తినేవి, మనుషులూ తినేవారు. 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో ఆ చెట్ల బెరడు మీద పుండ్లు కనిపించాయి. ఆసియా నుంచి తెప్పించిన మొక్కలతో పాటు దిగిన శిలీంధ్రం అది. యాభై ఏళ్లు తిరక్కుండానే 300 కోట్లకు పైగా చెట్లు పోయాయి. చిత్రమేమిటంటే వేళ్లు మాత్రం చావలేదు. ఈనాటికీ మొదళ్ల నుంచి పిలకలు లేస్తాయి, కొన్నేళ్లు ఎదుగుతాయి, మళ్లీ తెగులు పట్టి ఎండిపోతాయి.

ఈ శిలీంధ్రం ఆక్సాలిక్ ఆమ్లం వదిలి బెరడును చంపుతుంది. గోధుమకు ఆ ఆమ్లాన్ని విరిచేసే ఎంజైమ్ ఉంది. న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌లోని అటవీ కళాశాలలో విలియం పావెల్, చార్లెస్ మేనార్డ్ ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువును చెస్ట్‌నట్‌లో చేర్చారు. ఆ చెట్లను మళ్లీ అడవిలో నాటాలన్నది ఆలోచన.

రోజూ తినే చపాతీలో ఉన్నదే కదా, భయమెందుకంటారు. జన్యువంటే నాకూ భయం లేదు. కానీ మన పత్తి రైతు బీటీ విత్తనం నచ్చకపోతే వచ్చే ఏడు మానేయొచ్చు (అంగట్లో వేరేది దొరికితే లెండి). అడవికి ఆ వీలు లేదు. సిరక్యూస్ పక్కనే ఒనొండాగా ఆదివాసుల నేల ఉంది. పుప్పొడికి సరిహద్దు ఏం తెలుసు? వాళ్లు వద్దంటే ఎవరి మాట చెల్లుతుంది?

ఇంకో సంగతి. 2023 డిసెంబరులో ఒక తికమక బయటపడింది. జన్యువు చేర్చిన చెట్ల రకాలకు డార్లింగ్ అని పేరు పెట్టి నంబర్లు ఇచ్చారు. డార్లింగ్ 58 అనుకుని ఏళ్ల తరబడి పరీక్షించిన చెట్లు నిజానికి డార్లింగ్ 54 అట. వాటిలో జన్యువు వేరే చోట చేరి, చెట్టు సొంత జన్యువొకదాన్ని దెబ్బతీసింది. ఎదుగుదలా ఆశించినట్టు లేదంటూ, అప్పటిదాకా ఈ పనికి అండగా ఉన్న అమెరికన్ చెస్ట్‌నట్ ఫౌండేషన్ అనే సంస్థ తప్పుకుంది. కళాశాల మాత్రం తన చెట్టును వదులుకోలేదు. ఆ మొక్కలు అప్పటికే అడవిలో నాటేసి ఉంటే వెనక్కి తెచ్చేదెవరు?

అలాగని పూర్తిగా మానేయమనీ అనలేను. తెగులు తెచ్చింది మనుషులే. పైగా చైనా చెస్ట్‌నట్‌తో సంకరం చేస్తే వేల జన్యువులు ఒక్కసారిగా కలుస్తాయి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక్కడ చేర్చినవి ఒకట్రెండు జన్యువులైతే మూడు ప్రభుత్వ సంస్థలు తేల్చాలి. ఇదేం న్యాయం?

నన్నడిగితే, ముందుగా జన్యువు కలవని పిలకల కాయలు ఏరి, పుప్పొడి చేరనంత దూరంలో విడిగా తోటలు పెంచాలి. కొత్త చెట్టు తెగులును ముదురు వయసులోనూ తట్టుకుంటుందో లేదో చూసి, ఆ లెక్కలు అందరి ముందూ పెట్టాలి. అడవిలో నాటే మాట ఆ తర్వాతే. ఒనొండాగా వాళ్లను అడగడం మాత్రం ఈ రోజే మొదలుపెట్టొచ్చు.